కుక్కల హోటల్ హనుమండ్లు

హుస్నాబాద్ నుంచి జమ్మికుంటకు పత్తి బండ్లు పోయే బాట మీద నర్సక్కపేట అని ఒక ఊరు. ఊరు చిన్నదే గాని నోరు పెద్దది. తిండి తినే కాడ కుక్క ఉండొచ్చా ఉండగూడదా అని ఆ ఊరు ఒక ఏడాది పొడుగునా కొట్లాడింది. నవ్వొస్తే నవ్వండి, మొదట్లో ఊరు కూడా నవ్వుకుంటూనే కొట్లాడింది. ఆ నవ్వులాట చివరకు హనుమండ్లు అనే మనిషి బతుకును ఎట్లా మింగిందో చెప్పాలంటే, ముందు ఆయన హోటల్ సంగతి చెప్పాలి.

హోటల్ అంటే మేడలూ కుర్చీలూ అనుకునేరు. ఊరి చివర బాట పక్కన తాటికమ్మల పందిరి, దాని వెనక వాళ్లు పడుకునే గుడిసె, అంతే. పందిరి కింద మట్టి పొయ్యి, ఇత్తడి చాయ గిన్నె, మిర్చీలు వేసే మూకుడు. గోడ లేదు, తలుపు లేదు. ముందర ఆరుబయట రాతిబండలు పరిచి ఉండేవి. కూర్చోవడం వాటి మీదే, తినడం వాటి మీదే. పత్తి కాలం వచ్చిందంటే పొద్దుగాల నుంచే బండ్లు వరస కట్టేవి. రైతులు ఎడ్లను విడిచి, గడ్డి వేసి, ఆ బండల మీద చేరి, హనుమండ్లు భార్య కనకవ్వ కాల్చిన జొన్నరొట్టె, ఉల్లిగడ్డ కారం తిని, చాయ తాగి మళ్లీ జమ్మికుంట దారి పట్టేవాళ్లు.

ప్రతి బండి కిందా ఒక కుక్క ఉండేది. బండి కింద నడిచే కుక్క బండిని తానే మోస్తున్నాననుకుంటుందని మనం సామెత చెప్పుకుని నవ్వుతాం. నవ్వడం తేలికే. పత్తి బోరాల మీద ఒరిగి కునికే రైతుకు ఆ దారిలో కావలి ఎవరు? ఆ కుక్కే. ఊళ్లో ఉన్న తక్కిన హోటళ్ల వాళ్లు కుక్క కనబడితే చాలు, కాగే నీళ్లు మీద గుమ్మరించేవాళ్లు. హనుమండ్లు దగ్గర మాత్రం రైతు బండ మీద కూర్చుంటే ఆయన కుక్క బండ పక్కన కూర్చునేది. ఇద్దరికీ రొట్టె దొరికేది. అందుకే ఊరు దానికి కుక్కల హోటల్ అని పేరు పెట్టింది. ఎగతాళికే పెట్టింది. హనుమండ్లు మాత్రం ఎవరో బిరుదు ఇచ్చినట్టు మురిసిపోయాడు.

ఆయన మురవడానికి కారణముంది. హనుమండ్లు కురుమ. తాత తండ్రుల నాటి నుంచీ గొర్ల మందే ఇల్లు, మందే పొలం. నిజాం రాజ్యం పోయే ముందు, ఊళ్ల మీద లూటీలు నడిచిన రోజుల్లో ఆయన మంద మొత్తం పోయింది. రజాకార్లు తోలుకపోయారని కొందరంటారు, వాళ్ల పేరు చెప్పి దొంగలే తోలుకపోయారని కొందరంటారు. ఎవరు తోలుకపోతేనేం, ఒక్క గొర్రె తిరిగి రాలేదు. భుజం మీద గొంగడి, వెంట కనకవ్వ, కాళ్ల దగ్గర బొల్లి అనే మంద కుక్క, ఇవీ మిగిలినవి. నడుచుకుంటూ నడుచుకుంటూ నర్సక్కపేట చేరి, బాట పక్కన పందిరి వేశారు. వాళ్లకు పిల్లలు పుట్టలేదు. బొల్లికి పుట్టారు.

మంద కాసేవాళ్లకు ఒక పద్ధతి ఉంది. గొర్ల దొంగలు ముందుగా కుక్కలకు మందు కలిపిన మాంసం విసురుతారు. కుక్కలు చచ్చినాక మంద మీద పడతారు. అందుకని కురుమలు మంద కుక్కకు అది కండ్లు తెరిచిన నాటి నుంచే నేర్పుతారు. నేల మీద పడ్డది ముట్టొద్దు. పరాయి చేతిది ముట్టొద్దు. కాసే మనిషి చేత్తో పెట్టిందే తినాలి. ఆకలికి కడుపు వీపుకంటినా అంతే. హనుమండ్లు తండ్రి దగ్గర నేర్చిన చదువు అదొక్కటే. మంద పోయినా చదువు పోలేదు. బొల్లికి నేర్పినట్టే దాని పిల్లలకూ, ఆ పిల్లల పిల్లలకూ నేర్పాడు. కాపాడడానికి మంద లేదు, విసిరే దొంగ లేడు. అయినా నేర్పాడు. కొందరు కొలువు పోయినా టోపీ తీయరు, అట్లాంటిదే ఇది. రోజూ పొద్దున కనకవ్వ మొదటి రొట్టె పెనం మీద నుంచి దించగానే, తాను నోట్లో ఏదీ వేసుకోకముందు, దాన్ని తుంచి కుక్కలకు చేత్తో పెట్టేవాడు. మంద కాడ ముందు కుక్క, తర్వాతే మనిషి.

మన కథ నాటికి ఆయన దగ్గర మూడు మిగిలాయి. కర్రెది అనే ముసలి తల్లి, దాని కొడుకులు పులిగాడు, బూరోడు. రైతులు తింటుంటే మూడూ బండల మధ్య తిరిగేవి. ఎవరి ఇస్తారాకులోంచి ముక్క కింద పడ్డా మూతి పెట్టేవి కావు. కొత్తగా వచ్చిన రైతు ఎవరన్నా పరీక్షకని మిర్చీ ముక్క విసిరితే, కర్రెది ఆ ముక్కను చూసి, హనుమండ్లును చూసి, తల పక్కకు తిప్పుకునేది. అందరూ భళా అనేవాళ్లు. అప్పుడు హనుమండ్లు లేచి వచ్చి, అదే ముక్కను తీసి తన చేత్తో పెడితే గుటుక్కున మింగేది. ఆ పూట ఆయన ముఖం చూడాలి. బడిలో బిడ్డకు మొదటి నంబరు వచ్చిన తండ్రి కూడా అంత వెలగడు.

అయితే హనుమండ్లు ధర్మాత్ముడని చెప్పడానికి నేను ఈ కథ ఎత్తుకోలేదు. ఊరు ఊడ్చే తోమాసు రోజూ చాయకు వచ్చేవాడు. ఆదివారం తెల్లటి అంగీ వేసుకుని మెథడిస్టు చర్చికి పోయే మనిషి, నోట్లో నాలుక లేనివాడు. తోమాసు గిలాస పందిరి గుంజకు విడిగా వేలాడుతుండేది. దాన్ని తానే తీసుకోవాలి. హనుమండ్లు పైనుంచి చాయ పోస్తే పట్టుకోవాలి. బాట అవతల మట్టిలో గొంతుక్కూర్చుని తాగి, తానే కడిగి మళ్లీ గుంజకు తగిలించాలి. అన్ని ఊళ్లలో అంతే, ఇక్కడా అంతే.

ఒకనాడు తోమాసు బండల వైపు చూస్తూ మెల్లగా అన్నాడు.

"హనుమన్నా, నీ కుక్కలు నాకంటె దగ్గర కూసుంటయి గదనే."

"లోకం రీతి గట్లున్నది తోమాసూ. నేనేం జేద్దు?" అని హనుమండ్లు పొయ్యిలోకి కట్టె ఎగదోశాడు.

ఊరంతా వద్దన్న కుక్కను బండ పక్కన కూర్చోబెట్టినవాడికి, అదే ఊరు వద్దన్న మనిషిని కూర్చోబెట్టడం చేతకాలేదు. అది ఆయన తప్పు. దాచిపెట్టి కథ చెబితే సగం కథే అవుతుంది.

ఆ ఏడు ఎండలు ముదురుతున్నప్పుడు అంబదాస్ ఇంట్లో చావు జరిగింది. అంబదాస్ అంటే రైతులు తెచ్చిన పత్తిని జమ్మికుంట సేట్లకు అమ్మిపెట్టే అడ్తిదారు, పంచాయతీలో మెంబరు. అతని చెల్లెలి బిడ్డను, చిన్నపిల్లను, పిచ్చికుక్క కరిచింది. ఎక్కడి నుంచి వచ్చిన కుక్కో, ఎటు పోయిందో ఎవరికీ తెలియదు. పసరు పోయించారు, తాయెత్తు కట్టించారు. గాయం మానింది, అందరూ మరిచిపోయారు. తర్వాత ఒకరోజు పిల్ల నీళ్ల చెంబు చూసి కేక పెట్టింది. ఇక దాని తర్వాత జరిగింది చెప్పను, చూసినవాళ్లు చెప్పలేక ఏడ్చారు. ఆ పిల్లను అంబదాస్ భుజాల మీద మోసి పెంచాడు. అతని దుఃఖంలో అబద్ధం లేదు.

కర్మలు అయిపోయినాక అంబదాస్ ఒక పొద్దున హోటల్ ముందర నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"హనుమండ్లూ, నీ కుక్క కరిచిందని నేనంటలేను. గని నలుగురు మనుషులు తినే కాడ కుక్కెందుకయ్యా? చిన్నపిల్లలు వస్తరు, ముసలోళ్లు వస్తరు. ఎల్లగొట్టు."

"పటేలా, నీ బాధ నాకెరుకే. నా కుక్కలు ఒకని ఇస్తారిల మూతి పెట్టలే, ఒకని పిక్క పట్టలే. గిన్నేండ్ల సంది సూస్తలేవా?"

"ఇయ్యాల్టి దాక పట్టలే. రేపు పడ్తే?"

రేపటి సంగతి ఎవరు చెప్పగలరు? అంబదాస్ కండ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయాడు.

ఇక ఊరు రెండుగా చీలింది. కుక్క ఊపిరి తగిలితే చాయలో విషం దిగుతుందని ఒకడు. మిర్చీల మీద వాలే ఈగలకు లేని పట్టింపు కుక్కలకెందుకని ఒకడు. మల్లన్న దేవుడే కుక్కను వెంటబెట్టుకుని తిరిగాడు, నువ్వు దేవునికంటె శుద్ధమా అని ఒక ముసలి కురుమ. దేవుడు తిరిగాడు గాని హోటల్ పెట్టలేదు కదా అని ఇంకొకడు. పంచాయతీ అరుగు మీద ఇదే ముచ్చట, కల్లు మండువాలో ఇదే ముచ్చట. హుస్నాబాద్ అవతలి నుంచి వచ్చే వెంకటి అనే రైతు, హనుమండ్లుకు పాత గిరాకీ, బండ మీద బాసింపట్టు వేసుకుని అందరూ వినేటట్టు ప్రకటించాడు.

"నా కుక్కకు జాగ లేనికాడ నాకు జాగెందుకు? గీ ఊర్ల ఆగనే ఆగ."

మళ్లీ పత్తి కాలం ముగిసే వేళకు పంచాయతీ మాత్రం తీర్మానం చేసింది. తిండి అమ్మే చోట్ల కుక్కలు కనబడగూడదు. ఊరి మీద తిరిగే కుక్కలకు మందు పెట్టాలి. ఆ పని చూసేందుకు సఫాయి అధికారి ఒకడు సైకిల్ మీద వచ్చాడు. ఊరివాళ్లు ఆయన్ను పాత అలవాటుగా దారోగా అనేవాళ్లు. మనిషి చెడ్డవాడు కాదు, కోపిష్టి కూడా కాదు. బండ మీద కూర్చుని చాయ తాగి, పద్ధతిగానే చెప్పాడు.

"రోజులు మారినై హనుమండ్లూ. తినేకాడ సాఫుగుండాలె. కుక్కల పంపించెయ్."

హనుమండ్లు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయనకు ఒక్కటే తోచింది. నా కుక్కలు ఎట్లాంటివో ఈయన కండ్లతో చూస్తే మనసు మారుతుంది.

"సాబ్, జర ఒక్కసారి సూడుండ్రి. సూసినంక మీరేం జెప్తె గదే."

బెల్లం అద్దిన రొట్టె ముక్క తీసి మూడు కుక్కల నడుమ పడేశాడు. పులిగాడి మూతి నుంచి చొంగ కారింది, అయినా కదలలేదు. బూరోడు తోక ఆడించాడు, అంతే.

"ఇప్పుడు మీరే చేత్తోని పెట్టుండ్రి సాబ్."

దారోగా నవ్వుతూ ముక్క తీసి కర్రెదానికి చాపాడు. అది మర్యాదగా తల తిప్పుకుంది. హనుమండ్లు ఆ ముక్కను అందుకుని తన అరచేతిలో పెట్టాడు. కర్రెది వచ్చి తిని, చెయ్యి నాకి, పోయి కూర్చుంది.

"సూసిన్రా సాబ్? మనుషులకన్న ఉన్నదా గింత కాయిద?"

దారోగా నిజంగానే అబ్బురపడ్డాడు. "అంటే నువ్వు పెడ్తేనే తింటయి? ఇంకెవలు పెట్టినా తినయా?"

"సచ్చినా తినయి సాబ్," అన్నాడు హనుమండ్లు ఛాతీ విరుచుకుని.

దారోగా తల ఊపి, సైకిల్ ఎక్కి వెళ్లిపోయాడు. కుక్కలను కాపాడుకున్నానని హనుమండ్లు ఆ పూట వచ్చిపోయేవాళ్లందరికీ పైసలు తీసుకోకుండా చాయ పోశాడు. పిచ్చి మనిషి! వాటిని చంపడానికి ఉన్న ఒక్క దారినీ తానే చూపించి పంపానని ఆయనకు అప్పటికి తెలియదు.

పంచాయతీ మందు తెప్పించింది. మాంసం ముక్కల్లో పెట్టి ఊరంతా వేసే పని తోమాసు మీద పడింది. రెండు మూడు రోజుల్లో నర్సక్కపేటలో కుక్క అరుపు లేకుండా పోయింది. తోమాసు చెక్కబండి మీద వాటిని ఊరవతలికి తోస్తుంటే ఆడవాళ్లు కొంగు ముక్కుకు పెట్టుకుని తలుపులు వేసుకున్నారు. హోటల్ ముందర వేసిన ముక్కలు మాత్రం ఎండకు ఎండి, చీమలు పట్టి, వేసినవి వేసిన చోటే ఉన్నాయి. వాటి పక్కనే మూడు కుక్కలు కాళ్లు చాపుకుని పడుకున్నాయి.

సంగతి తెలిసిన రైతులు కుక్కలను బండ్లకు కట్టేసి ఆగకుండా పోతున్నారు. బండలు ఖాళీగా ఎండుతున్నాయి. అంబదాస్ వచ్చి చూశాడు, ఏమీ అనకుండా పంచాయతీకి పోయాడు. దారోగా మళ్లీ దిగాడు. ఈసారి బండ మీద కూర్చోలేదు, చాయ తాగలేదు.

"నువ్వే అన్నవ్ గద హనుమండ్లూ, నీ చేత్తోని పెడ్తేనే తింటయని. మరి నువ్వే పెట్టాలె."

హనుమండ్లుకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక గుంజ పట్టుకున్నాడు.

"సాబ్, నీ కాల్మొక్త. గంత మాటనకు."

"గీ వారం గాదు, వచ్చే వారం అంగడినాటి దాక సూస్త. అటెన్క పందిరి పీకిస్త. పైనుంచి హుకుం వచ్చింది, నా చేతిల ఏం లేదు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. హనుమండ్లు పోయి పొయ్యి ముందర కూలబడ్డాడు. కనకవ్వ మోకాళ్లు అప్పటికే పట్టేసి ఉన్నాయి, గుంజ పట్టుకోనిదే లేవలేకపోయేది. రొట్టెలు కూడా కూర్చున్న చోటే కాల్చేది. ఆమె పొయ్యిలో నిప్పు సర్ది అన్నది.

"పందిరి పోతె మనం యాడ పడుదుము? మంద పోయిన్నాడు నడిసినం. గప్పుడు కాళ్లున్నయి."

"నా చేత్తోని ఎట్ల పెట్టాలె కనకీ?"

"పెట్టమంటలేను. ఎవలకన్న ఇచ్చెయ్. గా వెంకటి తోలుకపోడా?"

మునిగేవాడికి ఆ మాటే ఒడ్డయింది. మర్నాడు జమ్మికుంట నుంచి ఉత్త బండితో తిరిగొస్తున్న వెంకటిని బాటకు అడ్డం పడి ఆపాడు. వెంకటి ఎగిరి గంతేశాడు. "గింత మంచి కుక్కలు దొరుకుతయా అన్నా, కన్నబిడ్డల లెక్క సూస్కుంట" అన్నాడు. మూడింటినీ బండిలో కట్టేసుకున్నాడు. హనుమండ్లు చింతల తోపు దాకా బండి వెంట నడిచి, అక్కడ ఆగిపోయాడు. కర్రెది బండి వెనక నుంచి ఆయన్నే చూస్తూ పోయింది. మొరగలేదు, గుంజుకోలేదు. ఆయన చేత్తో ఎక్కించాడు కాబట్టి ఎక్కింది.

దారోగా చెప్పిన అంగడి ఇంకా రెండు రోజులుందనగా వెంకటి బండి మళ్లీ వచ్చింది. వట్టి బండే, పత్తి లేదు. కుక్కలు బండిలో పడుకుని ఉన్నాయి. డొక్కలు లోపలికి పోయి, ఎముకలు లెక్కబెట్టొచ్చు. వెంకటి బండి దిగి తలపాగా తీసి ముఖం తుడుచుకున్నాడు.

"అన్నా, అంబలి పోసిన. పాలు పోసిన. కోడిని కోసి పెట్టిన. ముట్టలే. మా ఇంటిది కూసుండి బతిమాలింది, ఏడ్సింది, అయినా ముట్టలే. నీళ్లొక్కటే తాగుతున్నయి. మా వాకిట్ల సస్తే గా పాపం నేను మొయ్యలేనే. నీయి నువ్వు తీస్కో."

హనుమండ్లు ఉరికి రొట్టెలు తెచ్చాడు. ఆయన చేతి నుంచి మూడూ ఆబగా తిన్నాయి. పులిగాడు మింగలేక దగ్గాడు. ఆ పూట కూడా, చెప్పడానికి సిగ్గేస్తుంది గాని, ఆయనకు లోపల ఒక మూల గర్వమే కలిగింది. నా చేయి తప్ప ఇంకో చేయి ఎరగవు అనుకున్నాడు. అనుకున్న మరుక్షణమే ఆ మాట ఆయన గుండెల మీద బండలా కూర్చుంది. ఎవరికిచ్చినా ఇవి ఎండి చస్తాయి. తన దగ్గరుంటే పందిరి పోతుంది, నడవలేని ఆడమనిషి బాట మీద పడుతుంది. చిన్ననాడు నేర్పిన గుణం ముసలితనంలో మారదు. దొంగల మందు నుంచి కాపాడడానికి తండ్రి నేర్పిన చదువు, ఎటు తిరిగినా ఆయన చేతి దగ్గరికే తెచ్చి నిలబెట్టింది.

అంగడి రోజు పొద్దున, ఎండ ఇంకా బండల మీదికి ఎక్కకముందు, తోమాసు మందు ముక్కల గంప పట్టుకుని వచ్చాడు. బాట అవతలే నిలబడ్డాడు.

"నేను పెట్టిస్తలేను హనుమన్నా. నా కొలువు పెట్టిస్తుంది."

"ఎరుకే. గాడ పెట్టు."

కనకవ్వ పొయ్యి వైపు తిరిగి కూర్చుంది. మొదటి రొట్టె పెనం మీద మాడిపోతున్నా తీయలేదు. హనుమండ్లు బండ మీద కూర్చుని పిలిచాడు. మూడూ వచ్చాయి.

పులిగాడు ఎప్పటిలాగే ముందుకు దూకాడు. ఆయన చేతిలోది తిన్నాడు. తర్వాత బూరోడు తిన్నాడు. కర్రెది దగ్గరికి వచ్చి వాసన చూసింది. రెండడుగులు వెనక్కు వేసింది. దానికి తెలిసింది. ముసలి మంద కుక్క, దానికి తెలియకుండా ఎట్లా ఉంటుంది? అది ఆయన చేతిని చూసింది, ఆయన ముఖం చూసింది. తినకే, తినకే నా తల్లీ అని ఆయన లోపల మొత్తుకున్నాడు. మొత్తుకున్నాడు గాని చాపిన చేయి వెనక్కు తీసుకోలేదు. ఆ ఒక్కటీ చేసి ఉంటే! ఆయన బతికినన్నాళ్లూ తనను తాను అడుక్కున్నది అదే. కర్రెది మళ్లీ వచ్చింది. ముందు ఆయన వేళ్లు నాకింది. తర్వాత ముక్కను తీసుకుంది.

అవి చావడానికి ఎక్కువ సేపు పట్టలేదు. పట్టినంతసేపూ ఆయన అక్కడే ఉన్నాడు. కాళ్లు కొయ్యబారుతున్నా కర్రెది పాకుతూ ఆయన ఒడి దగ్గరికే వచ్చింది. కాపాడతాడని వచ్చింది. అట్లా వచ్చినదాన్ని ఒడిలో పెట్టుకుని హనుమండ్లు చిన్నపిల్లవాడిలా బిగ్గరగా ఏడ్చాడు. అంగడికి పోయే జనం దూరంగా నిలబడి చూసి, కదిలిపోయారు. తోమాసు ఆ మూడింటిని చెక్కబండి ఎక్కించలేదు. తుమ్మచెట్ల అవతల తానొక్కడే గుంత తవ్వి పూడ్చాడు.

పందిరి మిగిలింది. దారోగా మాట నిలబెట్టుకున్నాడు. నాలుగు రోజులకు అంబదాస్ వచ్చి బండ మీద కూర్చుని చాయ అడిగాడు. తాగాడు. బాగుందనలేదు, బాగాలేదనలేదు. చాయ పైసలు బండ మీద పెట్టి పోయాడు. మళ్లీ రాలేదు. సాఫుగుండాలె, శుద్ధంగుండాలె అని అరుగు మీద గొంతు చించుకున్న పెద్దమనుషుల్లో ఒక్కడు కూడా చాయకు రాలేదు. వాళ్లు ఎప్పుడూ ఆ బండల మీద తిన్నవాళ్లు కారు, తినబోయేవాళ్లూ కారు.

రైతులైనా రావాలి కదా. బాట పొడుగునా మాట పాకింది. కుక్కలు పోయినందుకు కాదు, అన్ని ఊళ్లలో కుక్కలు చస్తూనే ఉంటాయి. నమ్మిన జీవాలకు తన చేత్తోనే మందు పెట్టాడట అన్నదే మాట. కొత్త పత్తి దిగినాక వెంకటి బండి వచ్చింది. హనుమండ్లు రొట్టె, కారం పట్టుకుని ఎదురుపోయాడు. వెంకటి ఎడ్లను ఆపాడు గాని దిగలేదు.

"వద్దన్నా. కడుపుల మంచిగ లేదు," అన్నాడు తల వంచుకుని. తర్వాత ఎడ్లను అదిలించాడు.

ఒక సాయంత్రం హనుమండ్లు గుంజకున్న తోమాసు గిలాస తీశాడు. మిగతా గిలాసలతో పాటు కడిగాడు. చాయ పోసి బండ మీద పెట్టాడు.

"తోమాసూ, ఇటు రా. బండ మీద కూసో."

తోమాసు బాట అవతల నుంచే చూశాడు.

"గిన్నేండ్లకు యాదికొచ్చిన్నా హనుమన్నా? కుక్కల జాగ ఖాళీ అయినంకనా?"

గట్టిగా అనలేదు. మనిషి గట్టిగా అనేవాడు కాదు. వచ్చి, చాయను మట్టిలో ఒంపి, తన గిలాస అంగీ జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. చాలా రోజులు హనుమండ్లు ఆ తడి మచ్చ ఉన్న చోటే చూస్తూ కూర్చునేవాడు.

వానలు పట్టినాక కనకవ్వ మంచాన పడింది. జ్వరం, ఒళ్లంతా నొప్పులు. గిరాకీ లేదు కాబట్టి పొయ్యి ఆర్పేసి, ఆయన గుడిసెలోనే ఆమె పక్కన ఉండిపోయాడు. ఒళ్లు తుడిచాడు, కాళ్లు పిసికాడు. మూడు రోజులకు జ్వరం కొంచెం దిగి, ఆకలైతుందని ఆమె నోటితో అన్నది. ఆయనకు ప్రాణం లేచొచ్చింది. జొన్న గట్క కాచి, పచ్చిపులుసు కలిపి, మెత్తగా పిసికి, చల్లారబెట్టి తెచ్చాడు. ఆమె తల కింద గొంగడి మడత పెట్టి కొంచెం లేపాడు. చిన్న ముద్ద చేసి నోటి దగ్గర పెట్టాడు.

కనకవ్వ నోరు తెరవలేదు. ముఖం చూడలేదు. ఆ చేతిని చూసింది.

"జరంత తినే," అన్నాడు.

"గిన్నె ఆడ పెట్టు. నేనే తింట."

కోపంతో అనలేదు. జ్వరంలో మెల్లగానే అన్నది. ఏ మనసుతో అన్నదో ఆమెకే తెలియదేమో. ఆయన ముద్దను గిన్నెలో వేసి, గిన్నెను ఆమె తలాపున పెట్టి, బయటికి వచ్చి వానకు తడిసిన బండ మీద కూర్చున్నాడు. లోపల ఆమె గిన్నెను దగ్గరికి లాక్కున్న చప్పుడు వినిపించింది. కొంచెం కొంచెంగా అంతా తిన్నది. ఆయన ఆ పూట తినలేదు.